చీటీ రాసే ముందు తెరవాల్సిన పేజీలు

ఈ పూట నా మాటలు ముఖ్యంగా షుగరు రోగుల్ని రోజూ చూసేవాళ్ళ కోసం. పీహెచ్‌సీలో ఓపీ చూసే యువ డాక్టర్లు, ఎన్‌సీడీ క్లినిక్‌లో బీపీ మిషన్ పక్కన కూర్చునే స్టాఫ్ నర్సులు, పల్లె దవాఖానాల్లో, విలేజ్ క్లినిక్కుల్లో పనిచేసేవాళ్ళు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, మందుల షాపులో కౌంటరు వెనక నిలబడే ఫార్మసిస్టులు. ఇంట్లో షుగరున్న శ్రోతలూ వినండి. మీకు వైద్యం చేసేవాళ్ళు దేన్ని ఆధారం చేసుకుని చేస్తున్నారో తెలుసుకోవడం మీ హక్కు.

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి దేశంలోని అన్ని రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. లక్షా 13 వేల మందిని పరీక్షించారు. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారని తేలింది. ఇంతమందినీ ఎండోక్రినాలజిస్టులు చూడగలరా? చూడలేరు. వీళ్ళలో ఎక్కువమంది జబ్బు తెలిసిన రోజున వెళ్ళేది మామూలు ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బాగోగులు చూసేది నర్సూ ఫార్మసిస్టూ. కాబట్టి స్పెషలిస్టు చేతిలో ఉన్న సమాచారం వీళ్ళ చేతిలోనూ ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ సమాచారం ఇప్పుడు ఉచితంగా, ఫోనులోనే దొరుకుతోంది. దాన్ని అసలు చోట తెరిచి చదవాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి సరిపోయేలా వాడాలి.

మన దగ్గర చాలామందికి కొత్త వైద్య సమాచారం వచ్చే దారులు మూడు. కంపెనీ రెప్రజెంటేటివ్ బల్ల మీద పెట్టి వెళ్ళే రంగుల కాగితం, స్పాన్సరు ఖర్చుతో జరిగే సాయంత్రపు సమావేశం, వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన స్లైడు. ఈ మూడింట్లోనూ నిజం ఉండొచ్చు. కానీ ఏ నిజం చూపించాలో, ఏది వదిలెయ్యాలో ముందే ఇంకొకరు తేల్చేసి ఉంటారు. మార్గదర్శకాన్ని అసలు పేజీలో చదివితే, వదిలేసిన భాగమూ కనిపిస్తుంది.

ముందు అందరికంటే పెద్ద పుస్తకం గురించి చెబుతాను. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అంటే ఏడీఏ, ఏటా జనవరిలో 'స్టాండర్డ్స్ ఆఫ్ కేర్' పేరుతో తన మార్గదర్శకాల్ని 'డయాబెటిస్ కేర్' పత్రికకు అనుబంధంగా వెలువరిస్తుంది. ఎవరైనా, ఎక్కడినుంచైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. ఏడాది మధ్యలో ముఖ్యమైన మార్పు వస్తే వచ్చే జనవరిదాకా ఆగకుండా అప్పుడే చేరుస్తారు. మొత్తం 17 అధ్యాయాలు. ప్రైమరీ కేర్ వాళ్ళ కోసం కుదించిన ప్రతి కూడా వేరే ఉంది. ఇంత లావు పుస్తకం ఎక్కడ చదువుతామని భయపడకండి. పాదాల గురించి సందేహం వస్తే 12వ అధ్యాయం, కిడ్నీకైతే 11, గర్భిణికైతే 15. అవసరమైన చోటే తెరిచి చూసుకోండి.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ప్రతి సిఫారసు చివర ఉండే ఒక్క అక్షరం. 'ఏ' అని ఉంటే దాని వెనక పద్ధతిగా జరిగిన ట్రయల్స్ ఉన్నాయని. బీ అంటే ఎక్కువకాలం మనుషుల్ని గమనిస్తూ చేసిన అధ్యయనాలు. సీ అంటే ఆధారం బలహీనం. 'ఈ' అంటే నిపుణుల అనుభవం తప్ప వేరే రుజువు ఇంకా లేదని. 'ఏ' గ్రేడు సిఫారసును పాటించకపోతే ఎందుకు పాటించలేదో మనకు మనం జవాబు చెప్పుకోవాలి. 'ఈ' గ్రేడు సిఫారసు దగ్గర మన వివేకానికి ఎక్కువ చోటుంది. రంగుల కాగితాల మీద ఆ గ్రేడు అక్షరం దాదాపుగా కనిపించదు.

పాతకాలంలో చదువుకున్న ప్రమాణాలు మారిపోతాయా అని అడుగుతారు. మారతాయి. పరగడుపున 140 దాటితేనే షుగరు అనేవాళ్ళం. 1997లో ఏడీఏ ఆ గీతను 126కి దించింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని జబ్బు నిర్ధారణకు వాడవచ్చని 2010లో చేర్చింది, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే మధుమేహం. ఇంతకంటే పెద్ద పాఠం 2008లో వచ్చింది. అమెరికా, కెనడాల్లో 10 వేలమందికి పైగా రోగులతో అకార్డ్ అనే ట్రయల్ నడిచింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవయసువాళ్ళకు హెచ్‌బీఏ1సీని 6 కిందికి దించితే మేలని ఆశించారు. తీరా చూస్తే గట్టిగా దించిన గుంపులో 257 మంది, మామూలుగా చూసిన గుంపులో 203 మంది చనిపోయారు. ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాతే మార్గదర్శకాలన్నీ ఒక దారికొచ్చాయి. పాతికేళ్ళ కుర్రాడికీ, ఒంటరిగా ఉండే 75 ఏళ్ళ పెద్దావిడకూ ఒకే లక్ష్యం పెట్టకూడదు. చాలామందికి 7 లోపు. వయసు మళ్ళి, గుండె, కిడ్నీ దెబ్బతిని, షుగరు పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళకు 8 దాకా వదలవచ్చు. రిపోర్టు మీద ల్యాబు వాళ్ళు వేసే ఎర్ర గుర్తు చూసి ఆ పెద్దావిడకు బిళ్ళలు పెంచేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆమె షుగరు పడిపోయి రాత్రి లేచినప్పుడు కిందపడితే తుంటి ఎముక విరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలోనే, షుగరును దించే బిళ్ళ గ్లిబెన్‌క్లమైడ్ 60 ఏళ్ళు దాటినవాళ్ళకు తగదని రాసింది. మన షాపుల్లో ఆ మందు మెట్‌ఫార్మిన్‌తో కలిపిన బిళ్ళగా ఇంకా అమ్ముడవుతూనే ఉంది. ఫార్మసిస్టు గారూ, 70 ఏళ్ళ పెద్దాయన చీటీలో అది కనిపిస్తే డాక్టరు గారికి ఒక ఫోను చేయండి. తప్పు పట్టినట్టు అవుతుందేమోనని మొహమాటపడకండి.

ఇక మన దేశపు మార్గదర్శకాల దగ్గరికి వద్దాం. 1972లో ఏర్పడిన ఆర్‌ఎస్‌ఎస్‌డీఐ, అంటే రీసెర్చ్ సొసైటీ ఫర్ ద స్టడీ ఆఫ్ డయాబెటిస్ ఇన్ ఇండియా, టైప్ 2 మధుమేహంపై వైద్య సిఫారసులు ప్రచురిస్తోంది. ఐసీఎంఆర్ 2018లో టైప్ 2 మీద, 2022లో టైప్ 1 మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వీటన్నిటికంటే ఓపీ బల్ల దగ్గర వెంటనే పనికొచ్చేది ఐసీఎంఆర్ వాళ్ళే తయారుచేసిన స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు. ఒక్కో జబ్బుకు ఒక్కటే పేజీ. ఏ లక్షణం అడగాలి, ఏ పరీక్ష చేయాలి, ఏ మందుతో మొదలుపెట్టాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి, అన్నీ ఆ పేజీలోనే. ప్రింటు తీసి గోడకు అంటించుకోవచ్చు. ఎనభై మంది క్యూలో ఉన్నప్పుడు 17 అధ్యాయాలు తిప్పే తీరిక ఎవరికీ ఉండదు.

అమెరికావాళ్ళ పుస్తకం ఉండగా మనకు వేరే ఎందుకు? మన ఒళ్ళు వేరు గనక. తెల్లవాళ్ళలో బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మనవాళ్ళకు 23 దగ్గరే మొదలవుతుంది, 25కే ఊబకాయం కింద లెక్క. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే హెచ్చరిక. చేతులూ కాళ్ళూ సన్నగా, పొట్ట ముందుకి ఉన్న మనిషి మన వీధిలో ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆయన్ని చూసి లావు లేడు కదా అని వదిలేస్తే పొరపాటు. నాలుగే నాలుగు ప్రశ్నలతో ముప్పును లెక్కకట్టే ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరు కూడా చెన్నైలో తయారైందే. వయసెంత, నడుమెంత, ఒళ్ళు అలిసే పని ఉందా, అమ్మానాన్నలకు షుగరుందా? స్కోరు 60 గానీ ఆపైన గానీ ఉంటే రక్తపరీక్షకు పంపాలి. టేపు ఒక్కటి ఉంటే ఆశా కార్యకర్త గుమ్మం దగ్గరే చేయగల పని.

ఆడవాళ్ళ హెచ్‌బీఏ1సీ గురించి మరీ చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళు రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. ఇనుము లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. రక్తం ఎక్కించినా, ఎర్రకణాలు త్వరగా చచ్చిపోతున్నా తక్కువ చూపుతుంది. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకైతే ఆ పరీక్షను నమ్మడానికే లేదు. ఇలాంటి చోట నేరుగా గ్లూకోజు చూసి నిర్ధారించాలని ఏడీఏ పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. అయినా మన దగ్గర హిమోగ్లోబిన్ 8 ఉన్న అమ్మాయికి హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి షుగరని చెప్పేస్తారు. పరీక్ష ఖరీదైనది కాబట్టి నిజమే చెబుతుందనుకోకూడదు.

గర్భిణుల విషయంలో మార్గదర్శకాల మధ్య తేడాలు ఎందుకొస్తాయో బాగా తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పిన పద్ధతిలో పరగడుపున రావాలి, 75 గ్రాముల గ్లూకోజు తాగాలి, మూడుసార్లు రక్తం ఇవ్వాలి. మన దేశంలో డిప్సీ అనే నిపుణుల బృందం వేరే పద్ధతి చెప్పింది. తిని వచ్చినా సరే, తినక వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి చూడాలి. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భకాలపు మధుమేహం. కేంద్ర ప్రభుత్వం దీన్నే తన మార్గదర్శకంగా తీసుకుంది. మొదటిసారి వచ్చినప్పుడు, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య చేయాలంది. డిప్సీ పద్ధతిలో కొన్ని కేసులు తప్పిపోతాయని విమర్శించే నిపుణులున్నారు. ఆ విమర్శలో పసలేకపోలేదు. కానీ ఆటో ఎక్కి పదిహేను కిలోమీటర్లు వచ్చిన గర్భిణిని, తిని వచ్చావు కాబట్టి రేపు పరగడుపున రా అంటే ఆ రేపు రాకపోవచ్చు. పరీక్ష అసలే జరగకపోవడం కంటే ఒక్కసారైనా జరగడం మేలు. ఈ విషయంలో నా ఓటు మన పద్ధతికే. అయితే కాన్పు అయిన ఆరు వారాలకు తల్లికి మళ్ళీ పరీక్ష చేయాలన్న వాక్యం కూడా ఆ మార్గదర్శకంలోనే ఉంది. ఆ వాక్యాన్ని మనం మరిచిపోతున్నాం. బిడ్డకు టీకా వేయించడానికి వచ్చిన రోజున తల్లినీ కూర్చోబెట్టండి.

ఇప్పుడు సిరంజీల సంగతి. ఇది విని నర్సులు, ఫార్మసిస్టులు ఒక్కసారి తమ డబ్బాలు తెరిచి చూసుకోవాలి. మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో వస్తుంది. మామూలు సీసాల్లో చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్ను కార్ట్రిడ్జిల్లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. సిరంజీలూ రెండు రకాలు. ఎర్రమూత ఉన్నది 40 బలానికి, నారింజ మూత ఉన్నది 100 బలానికి. ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకుంటే ఏమవుతుందో చూడండి. డాక్టరు 20 యూనిట్లు రాశారు. 40 బలం సీసాలోంచి నారింజ మూత సిరంజీతో 20 గీతదాకా లాగారు. రోగి ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. షుగరు దిగదు, డోసు సరిపోవడం లేదని డాక్టరు 30కి పెంచుతారు. తర్వాత ఎవరో సరైన సిరంజీ ఇస్తారు, ఆ రోజు రోగి కళ్ళు తిరిగి పడిపోతాడు. తారుమారుగా జరిగితే ఇంకా ప్రమాదం. 100 బలం మందును ఎర్రమూత సిరంజీతో 20 గీతదాకా లాగితే వెళ్ళేది 50 యూనిట్లు. ప్రాణం పోవచ్చు. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె పక్కపక్కన పెట్టి చూడటానికి పది సెకన్లు పట్టదు. మందు ఇచ్చేటప్పుడు ఆ రెండు అంకెలూ రోగికి చూపించి, ఆయనతో చదివించండి. చదువు రానివాళ్ళకు మూత రంగు గుర్తు పెట్టండి.

ఇంజెక్షన్ వేసుకునే పద్ధతి మీద ఫిటర్ అనే అంతర్జాతీయ సిఫారసులున్నాయి. వాటిని చదవమని నర్సులందరినీ కోరతాను. పెన్నుకు 4 మిల్లీమీటర్ల సూది చాలు, లావుగా ఉన్నవాళ్ళకైనా సరే. ఒకేచోట పొడుచుకుంటూ పోతే చర్మం కింద గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తెలియదు గనక రోగికి ఆ చోటే ఇష్టం. కానీ ఆ గడ్డలోంచి మందు ఒక్కోరోజు ఒక్కోలా ఒంటపడుతుంది. షుగరు ఒకరోజు 300, ఒకరోజు 60 అని వచ్చే రోగి కనిపిస్తే మందు మార్చే ముందు చొక్కా ఎత్తి పొట్ట తడిమి చూడండి. గడ్డ దొరికితే వేరే చోటికి మార్చమనాలి, డోసు కొంత తగ్గించి రోజూ షుగరు గమనించాలి. మంచి చోట పొడిస్తే మందు పూర్తిగా పనిచేస్తుంది కదా. ఇక రెంటచింతల, రామగుండం లాంటి చోట మే నెల ఎండ అందరికీ తెలిసిందే. వాడుతున్న ఇన్సులిన్ మామూలు గది వేడిలో నాలుగు వారాలు బాగానే ఉంటుందంటారు గానీ, ఆ మాట 45 డిగ్రీల రేకుల ఇంటికి వర్తించదు. ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టికుండలో నీళ్ళు పోసి, తడవకుండా డబ్బాలో పెట్టి దాచుకోమని చెప్పండి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళకు పై అరలో మంచు కట్టే చోట పెట్టొద్దని చెప్పండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

పాదాల దగ్గరికి వస్తున్నాను. ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ బృందం 1999 నుంచి నాలుగేళ్ళకోసారి డయాబెటిక్ పాదం మీద మార్గదర్శకాలు ఇస్తోంది; 2023లో కొత్తవి వచ్చాయి, ఉచితం. స్పర్శ చూడటానికి 10 గ్రాముల మోనోఫిలమెంట్ వాడమంటారు. అది మా దగ్గర లేదండీ అని చాలాచోట్ల అంటారు. ఆ మార్గదర్శకంలోనే అది లేనివాళ్ళకూ దారి ఉంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో పుట్టిన పరీక్ష అది. వేలు చాలు. 'అమ్మా, కళ్ళు మూసుకోండి. నేను తాకగానే కుడో ఎడమో చెప్పండి' అనాలి. బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, రెండు కాళ్ళకీ కలిపి ఆరు చోట్ల, వేలి కొస మీద ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు, చెప్పలేదని మళ్ళీ తాకకూడదు. రెండుగానీ అంతకంటే ఎక్కువ చోట్లగానీ తెలియలేదంటే స్పర్శ పోయినట్టే. ఆవిడ చెప్పులు లేకుండా పొలంలో తిరిగితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు, అది పుండై చీము పట్టాకే ఇంట్లోవాళ్ళు చూస్తారు. స్పర్శ బాగున్నవాళ్ళకు ఏడాదికోసారి, పోయినవాళ్ళకు ఆర్నెల్ల నుంచి ఏడాది లోపు, ముప్పు ఎక్కువైతే ఇంకా ముందే, పుండు పడి మానినవాళ్ళకు నెల నుంచి మూడు నెలల లోపు చూడాలని ఆ బృందం లెక్క చెప్పింది. పాదం చూడాలంటే రోగి చెప్పులు విప్పాలి, నర్సు వంగాలి. మా అమ్మాయిలు కాళ్ళు పట్టుకోవాలా అనుకునే ఆసుపత్రులున్నాయి. ఆ సిస్టర్ వంగిన ఒక్క నిమిషం ఒక కాలిని కాపాడుతుంది. నా దృష్టిలో ఓపీలో ఇంతకంటే గొప్ప పని లేదు.

కిడ్నీకి ఏడాదికోసారి రెండు పరీక్షలు చేయమని మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్. ఒకటి చేస్తే చాలదా అనేవాళ్ళు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడాలి. షుగరు వల్ల వచ్చే కిడ్నీ దెబ్బలో సాధారణంగా ముందు మూత్రంలో అల్బుమిన్ కనిపిస్తుంది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో చాలామందికి వచ్చే, కారణం తేలని కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే క్రియాటినిన్ చప్పుడు లేకుండా పెరుగుతుంది. అక్కడి షుగరు రోగికి మూత్రపరీక్ష ఒక్కటే చేసి బాగుందని పంపితే జబ్బు తప్పిపోతుంది. రెండు పరీక్షలు రాయడం వెనక ఎంత ఆలోచన ఉందో ఇలాంటి చోట తెలుస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపుకు పడితే మెట్‌ఫార్మిన్ ఆపాలి. 45 లోపుంటే కొత్తగా మొదలుపెట్టకూడదు, వాడుతుంటే డోసు తగ్గించాలి.

మందుల ఖర్చు మాట. గుండె, కిడ్నీ దెబ్బతిన్న షుగరు రోగులకు ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ముందుగా ఆలోచించమని ఏడీఏ చెబుతుంది. వనరులు తక్కువున్న చోట మెట్‌ఫార్మిన్, తర్వాత గ్లిక్లజైడ్ లాంటివి, తర్వాత ఇన్సులిన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హార్ట్స్-డి పుస్తకంలో 2020లో వరుస ఇచ్చింది. రెండూ సరైనవే, జేబు తేడా. కానీ జేబు లెక్క కూడా మారుతోంది. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంట్ 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిశాయి. రెండోది ఒకప్పుడు బిళ్ళకు 60 రూపాయల దాకా ఉండేది. కొన్ని కంపెనీలు ఇప్పుడు అందులో కొద్ది వంతుకే ఇస్తున్నాయి. కొన్నేళ్ళ కిందట పేదవాడికి రాయలేకపోయిన మందు ఇప్పుడు రాయవచ్చేమో చూడండి. రాసినప్పుడు ఒక జాగ్రత్త. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపాలి. వాంతులై తిండి తినలేకపోతే ఆపాలి. లేకపోతే షుగరు పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లు పెరిగిపోయే ప్రమాదముంది.

తిండి విషయంలో మనకు పరాయి పట్టికలు అక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలో మన దేశపు 528 ఆహార పదార్థాల పోషక విలువలున్నాయి. 2024లో అదే సంస్థ భారతీయులకు ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ అని రాసిచ్చే డైట్ షీటు ఒంగోలు కూలీ ఇంట్లో ఎవరికి పనికొస్తుంది? అన్నం ఒక గరిటె తగ్గించండి, పప్పూ ఆకుకూరా పెంచండి, కొర్రలో జొన్నలో దొరికితే వండుకోండి, పండ్ల రసం బదులు జామకాయ తినండి అని చెబితే పాటిస్తారు. రాగి జావ ఎంతైనా తాగొచ్చనే నమ్మకాన్ని కూడా సరిదిద్దండి. గింజ మంచిదైనా పలచగా కాచిన జావ షుగరును త్వరగానే పెంచుతుంది.

రంజాన్ ఉపవాసాల మీద ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్, డార్ (డయాబెటిస్ అండ్ రమదాన్) కూటమి 2021లో కలిసి ఇచ్చిన మార్గదర్శకం హైదరాబాద్, కర్నూలు, కడపల్లో పనిచేసేవాళ్ళు తప్పక చదవాలి. నెల మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే రోగితో మాట్లాడాలి. షుగరు 70 కిందికి వచ్చినా 300 దాటినా రోజా విరమించాలి. ఉపవాసం ఉండొద్దని గద్దించి పంపితే రోగి ఉండక మానడు, మనకు చెప్పడం మానేస్తాడు. కార్తీక సోమవారాలకూ అయ్యప్ప దీక్షకూ ఇదే చూపు వర్తిస్తుంది.

బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే తెలుగు డాక్టర్లకు అక్కడి నైస్ సంస్థ మార్గదర్శకాలు కొట్టినపిండి. మందు పనిచేస్తుందా అనే కాక పెట్టిన ఖర్చుకు తగిన మేలుందా అని కూడా అవి లెక్క చూస్తాయి. ఇక్కడి మిత్రులతో వాళ్ళు ఆ ఆలోచనా పద్ధతిని పంచుకుంటే ఎంతో మేలు.

పరిశోధనా పత్రాలు చదవాలనుకునేవాళ్ళకు పబ్‌మెడ్ 1997 నుంచి ఉచితం. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థల్లో దాదాపు 13 వేల పత్రికలు చదువుకోవచ్చు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ విద్యార్థులూ, మీ లైబ్రేరియన్‌ను అడగండి. ఏది తెరిచినా ముందు మూడు చోట్ల చూడండి. తేదీ ఎప్పటిది, రాసినవాళ్ళకు ఏ కంపెనీల నుంచి డబ్బు అందింది, ఎలాంటి మనుషుల మీద పరీక్షించారు. రాసినవాళ్ళు తమ సంబంధాలు వెల్లడించే పేరా చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా వదలొద్దు.

ఒక లోటు మాత్రం నన్ను చాలా బాధపెడుతోంది. నేను చెప్పిన వాటిలో దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పాదం తాకి చూసే ఏఎన్‌ఎం, సూది వేయడం నేర్పే స్టాఫ్ నర్సు, నడుము కొలిచే ఆశా కార్యకర్త తెలుగులో ఆలోచిస్తారు, తెలుగులో రోగికి చెబుతారు. వాళ్ళ చేతికి చేరే మార్గదర్శకం వాళ్ళ భాషలో ఉండాలి. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల వాళ్ళకూ, నర్సింగ్ కాలేజీల అధ్యాపకులకూ నా విన్నపం ఒకటే. ఈ ఏడాది మీ విద్యార్థులతో ఐసీఎంఆర్ షుగరు పేజీని, పాదాల పరీక్షను, సిరంజీల లెక్కను వాడుక తెలుగులోకి తెప్పించండి. ఒక ఏఎన్‌ఎంతో, ఒక ఫార్మసిస్టుతో చదివించి అర్థం కాని మాటలు మార్చండి. కింద తేదీ వేయండి, ఏటా జనవరిలో కొత్త మార్గదర్శకాలు వచ్చాక సరిచూసి మళ్ళీ అచ్చువేయండి. మీ జిల్లాలోని ప్రతి ఎన్‌సీడీ క్లినిక్ గోడ మీద ఆ మూడు కాగితాలు ఉండేలా చూడండి.